కలంకారీ గుడ్డ మీద రక్తపు మరకని హంతకుడు ఇలా దాచగలడా?

నాటకాలపిచ్చి_తిరుపతి:
మా కాలనీ వాళ్ళ కోసం గంటసేపు నడిచే మర్డర్ మిస్టరీ నాటకం రాస్తున్నా. కథ శ్రీకాళహస్తిలో, కలంకారీ వేసే ఇంట్లో. హత్య జరిగినప్పుడు సగం వేసిన పట్టాభిషేకం గుడ్డ మీద, సీతమ్మ చీర దగ్గర రక్తం పడుతుంది. హంతకుడు పక్కనున్న ఎర్రరంగు తీసుకుని మరకని చీరలో కలిపేస్తాడు, తెల్లారి పోలీసులు ఆ గుడ్డ ముందే నిలబడి మాట్లాడుకుంటారు. ఈ సీన్ అంటే నాకు ప్రాణం. జనం నమ్ముతారా?

కాళహస్తి_అమ్మాయి:
అన్నా, మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. మా నాన్న, పెదనాన్న ఇద్దరూ కలం పట్టినవాళ్ళే. ఎరుపుని నేరుగా పూయరు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పెడతారు, అప్పుడు రంగేమీ కనపడదు. ఆరాక, ఉతికాక, ఎర్రరంగు నీళ్ళలో ఉడకబెడితేనే పటిక పెట్టిన చోట ఎరుపు తేలుతుంది. రాత్రికి రాత్రి అయ్యే పని కాదు. పైగా రక్తం ఎండితే గోధుమరంగుకి తిరుగుతుంది.

నలుపు పెట్టించండి. ఇనుప తుప్పు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి చేసే కసిమి కుండలో సిద్ధంగా ఉంటుంది, మూత తీస్తే పుల్లటి వాసన కొడుతుంది. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద దాన్ని పెడితే ముందు పల్చగా ఉండి, చూస్తుండగానే నల్లబడిపోతుంది. మరక కిందికి పోతుంది.

ల్యాబ్_బాబు:
ఫోరెన్సిక్ చదివాను కాబట్టి ఒక్క మాట. రక్తం జాడ పట్టడానికి వాడే లూమినాల్ అనే రసాయనం చల్లగానే నీలంగా మెరిసింది, కేసు తేలిపోయింది అని మాత్రం రాయకండి. బ్లీచింగ్ పౌడర్‌కీ, కొన్ని లోహాల లవణాలకీ కూడా అది మెరుస్తుంది, మీ కసిమిలో ఉన్నదే ఇనుము. మనిషి రక్తమేనని తేల్చడానికి వేరే టెస్ట్ చేయాలి.

నాటకాలపిచ్చి_తిరుపతి:
అక్కా, నలుపే ఖాయం. మరి దొరికేదెలా?

కాళహస్తి_అమ్మాయి:
చీర రంగే పట్టిస్తుంది అన్నా. నలుపు మాకు ఎక్కువగా గీతలకే. పట్టాభిషేకం రోజు సీతమ్మకి నల్లచీర ఎవరు కడతారు? పోలీసులకి తట్టకపోవచ్చు, ఆ ఇంటి ముసలాయన గుమ్మంలోంచి చూడగానే "ఈ గుడ్డని ముట్టుకున్నదెవరు?" అంటాడు.

వెనకబెంచీ:
మొదటి సీన్‌లోనే గుడ్డని తెరంత పెద్దగా కట్టి, చీర ఖాళీగా ఉందని అందరికీ చూపించండి. లేకపోతే వెనక వరుసలో కూర్చున్న మాకు ఏం మారిందో తెలీదు.