ఒక్క కాజా తిన్నాక "ఇవాళ్టికి పోయిందిలే" అనిపిస్తుంది. ఈ మాటని ఆపడం ఎలా?

పాలకొల్లు_టైలర్:

నాకు పాలకొల్లులో చిన్న టైలరింగ్ షాపు ఉందండి. జాకెట్లు, లంగాలు, పిల్లల ఫ్రాకులు కుడతాను. వయసు 38, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 76 కిలోలు. మొన్న రక్తపరీక్షలో షుగర్ అంచు మీద ఉందని తేలింది. బరువు తగ్గితే మందుల దాకా వెళ్ళక్కర్లేదేమో అన్నారు డాక్టరుగారు. ఏం తినాలో, ఏం తగ్గించాలో చీటీ కూడా రాసిచ్చారు. ఆ చీటీతో నాకే గొడవా లేదు. నా గొడవ నాతోనే.

పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచొస్తాను. మధ్యాహ్నం అన్నం తగ్గించి కూర ఎక్కువ వేసుకుంటున్నాను. అంతా బాగానే ఉంది అనుకునేలోపు ఆషాఢం సారెలు మొదలవుతాయి. మా వీధిలో ఎవరింట్లో సారె దిగినా షాపుకి ఒక డబ్బా వస్తుంది, పెళ్ళికూతురి జాకెట్లు కుట్టింది నేనే కదా మరి. కాజా, సున్నుండ, మైసూర్‌పాకు, పూతరేకులు. ముట్టుకోకపోతే బాగోదని ఒక కాజా తింటాను. అక్కడితో ఆగితే ఈ పోస్టే రాసేదాన్ని కాదు. తిన్న వెంటనే లోపల "సరే, ఇవాళ్టికి పోయిందిలే, ఇంక సోమవారం నుంచి చూద్దాం" అన్న మాట వస్తుంది. ఆ తర్వాత డబ్బాలో ఏముందో చూడను, ఎంత తిన్నానో చూడను. రాత్రి అన్నంలో కూడా చెయ్యి ఆగదు. తెల్లారి బరువు మిషను ఎక్కితే కిలో పైన పెరిగి ఉంటుంది. అప్పుడు ఇంకో మాట వస్తుంది. అది మా మేనత్త గొంతు. "దీనికి నీళ్ళు తాగినా ఒళ్ళొస్తుంది, మన వంశమే అంత." ఆవిడ నా చిన్నప్పుడు అన్న మాట అది. ఇప్పుడు ఆవిడ అనక్కర్లేదు, నేనే అనేసుకుంటున్నాను.

నన్ను నేను బాగా తిట్టుకుంటాను కూడా. ఇక్కడే నాకు అర్థం కానిది ఒకటుంది. నాకు కుట్టు నేర్పినావిడ తిట్టని రోజు లేదు. ఆ తిట్లతోనే నాకు చెయ్యి తిరిగింది, అది నిజం. మరి తిడితే కుట్టు వచ్చినప్పుడు, తిట్టుకుంటే తిండి ఎందుకు తగ్గదు?

ఇంకో సంగతి. షాపులో రోజూ ఆడవాళ్ళ నడుం కొలిచేదాన్ని కాబట్టి, వాళ్ళు తమ గురించి తాము అనుకునే మాటలన్నీ నా చెవిన పడతాయి. పిల్లలు పుట్టకముందు నాటి ఆది జాకెట్టు తెచ్చి "దీని కొలతకే కుట్టు, శ్రావణంలోపు తగ్గిపోతాను" అంటారు. నేను సరేనని లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుడతాను. శ్రావణం రెండో శుక్రవారం ముందు కుట్టు విప్పించుకోడానికి వస్తారు. తగ్గిపోతాను అని అంత గట్టిగా నమ్మినవాళ్ళు కూడా ఎందుకు తగ్గడం లేదు? అద్దం ముందు నిలబడి "నేను సన్నగా ఉన్నాను" అని రోజూ చెప్పుకోమని వీడియోల్లో చెప్తున్నారు. చేతిలో టేపు పెట్టుకుని నాకు నేనే అబద్ధం ఎలా చెప్పుకోను?

మనసులో అనుకునే మాటకి, ఒంటి బరువుకి నిజంగా సంబంధం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. డైట్ ప్లాన్లు మాత్రం వద్దు, దండం పెడతాను.

రాజమండ్రి_గట్టు:

నేను సైకాలజీలో ఎమ్మెస్సీ చేశానక్కా. మీకొచ్చే ఆ "ఇవాళ్టికి పోయిందిలే" ప్రపంచమంతా ఉన్నదే. దాని మీద పాత ప్రయోగం ఒకటుంది, 1975లో హెర్మన్, మాక్ అనేవాళ్ళు చేశారు. కాలేజీ అమ్మాయిలకి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత రుచి చెప్పమని ఐస్‌క్రీం పెట్టారు. తిండి మీద ఆంక్షలేమీ పెట్టుకోని అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం తక్కువ తిన్నారు, కడుపు నిండింది కాబట్టి. డైటింగ్ చేసేవాళ్ళ విషయంలో ఇది తిరగబడింది. మిల్క్‌షేక్ తాగనప్పటికంటే తాగాకే ఎక్కువ తిన్నారు. నియమం ఒకసారి తప్పింది అనిపించగానే ఆ రోజుకి నియమమే లేనట్టు అయిపోయిందన్నమాట. తర్వాత హెర్మన్, జానెట్ పొలివీ కలిసి దీని మీద ఏళ్ళ తరబడి పని చేశారు.

అంటే మిమ్మల్ని పాడు చేస్తున్నది కాజా కాదు, కాజా తర్వాత మీరిచ్చే తీర్పు.

తిట్ల సంగతికొస్తే, మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. మీకు కుట్టు నేర్పినావిడ ఏమని తిట్టేవారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. చంక దగ్గర గుడ్డ లాగేశావనో, డాట్ పక్కకి పోయిందనో అని ఉంటారు. ఎక్కడ విప్పాలో, ఏం సరిచేయాలో ఆ తిట్టులోనే ఉంది. మీరు మిమ్మల్ని తిట్టుకునేటప్పుడు వంశాన్ని తిడతారు, ఒంటిని తిడతారు. అందులో విప్పి సరిచేయడానికి కుట్టేది? పైగా ఆ తిట్టుకి వచ్చే బాధ పోగొట్టుకోడానికి మనకి చేతికందేది మళ్ళీ తిండే.

2007లో క్లెయిర్ ఆడమ్స్, మార్క్ లియరీ ఒకటి చేసి చూశారు. అమ్మాయిల చేత డోనట్ తినిపించాక కొందరికి "ఇలాంటివి అందరం ఎప్పుడో ఒకప్పుడు తింటాం, దీనికి మిమ్మల్ని మీరు నొప్పించుకోకండి" అని చెప్పారు. తర్వాత చాక్లెట్లు, క్యాండీలు ముందు పెట్టారు. తిండి విషయంలో తమని బాగా కట్టడి చేసుకునే అమ్మాయిల్లో, ఆ నాలుగు మాటలు విన్నవాళ్ళు తక్కువ తిన్నారు. మెత్తగా మాట్లాడుకుంటే పట్టు సడలిపోతుందని మనం భయపడతాం. అక్కడ జరిగింది దానికి వ్యతిరేకం.

మీ ఆది జాకెట్టు కస్టమర్ల గురించి కూడా పరిశోధన ఉంది, నవ్వకండి. 1991లో గాబ్రియెల్ ఓటింగెన్, థామస్ వాడెన్ బరువు తగ్గే కార్యక్రమంలో ఉన్న 25 మంది ఆడవాళ్ళని ఏడాది పాటు గమనించారు. తగ్గగలను అని నమ్మకం ఉన్నవాళ్ళు బాగానే తగ్గారు. సన్నబడ్డాక ఎలా ఉంటానో అందంగా ఊహించుకుని ఆ ఊహలోనే మురిసిపోయినవాళ్ళు మాత్రం తక్కువ తగ్గారు. మీ కస్టమర్లది కూడా నమ్మకం కంటే ఇలాంటి ఊహే అనుకుంటాను. 25 మంది అంటే చిన్న గుంపే. కానీ ఓటింగెన్ తర్వాత చదువు, ఉద్యోగం లాంటి వాటిలోనూ ఇలాంటి ఫలితాలే చూశారు. కాబట్టి అద్దం ముందు అబద్ధం చెప్పక్కర్లేదు. "నాకు తగ్గాలని ఉంది. అడ్డం వచ్చేది షాపులో నాలుగింటికి తెరిచే డబ్బా. డబ్బా తెరిస్తే ఒకటి తీసుకుని, మిగతాది పక్క షాపుకి పంపిస్తాను." ఇది టేపు పట్టుకుని కూడా చెప్పుకోగలిగిన మాటే కదా.

లెక్కలమాస్టారు_అంబాజీపేట:

అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మనసు, మాట అంటే నాకు పెద్ద గురి లేదు. మాటలతో కొవ్వు కరిగితే మా స్టాఫ్ రూములో ఒక్కరికీ పొట్ట ఉండకూడదు. అయితే మీరు రాసినదాంట్లో ఒక లెక్క తప్పుంది, అది చూసి ఊరుకోలేకపోయాను.

రాత్రి తిని పొద్దున్న మిషను ఎక్కితే కిలో పెరిగిందన్నారు. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. వండిన తెల్లన్నం వంద గ్రాములకి 130 దాకా ఉంటాయి. భాగించండి. మామూలు భోజనం చేశాక, దాని మీద ఇంకా ఆరు కిలోల అన్నం తింటే గాని ఆ కిలో కొవ్వు రాదు. మీరు తినలేదు కదా! మరి పెరిగిందేమిటంటే చాలావరకు నీళ్ళు. తీపీ, అన్నమూ ఎక్కువైతే ఒళ్ళు దాన్ని గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెరగా దాస్తుంది, గ్రాముకి మూడు గ్రాముల దాకా నీళ్ళని పట్టుకుని మరీ. ఆవకాయ ఉప్పు ఇంకొంచెం నీళ్ళు పడుతుంది. రెండు మూడు రోజులు మామూలుగా తింటే దిగిపోతుంది. నెలసరికి ముందు కూడా ఆడవాళ్ళకి ఇలా పెరుగుతుందని మా ఆవిడ పక్కనుంచి చెబుతోంది, రాయమంటోంది.

ఈ నీళ్ళని చూసి మీరు వంశాన్ని తిట్టుకుంటున్నారు. పండగ మర్నాడు మిషను ఎక్కకండి. లేదా రోజూ ఎక్కి, వారం మొత్తానికి సగటు తీసి, ఆ సగటుని పోయిన వారం సగటుతో పోల్చండి. ఒక్క రోజు అంకెకి విలువ లేదు.

భీమవరం_కోడలు:

మాస్టారి లెక్కకి దండం. కానీ అక్క కష్టం నాకు తెలుసు. మనవైపు తిండి వద్దనడం అంటే మనిషిని వద్దన్నట్టే. "ఒక్కటి తింటే ఏమైపోతావ్, మా ఇంట్లో తినకూడదని ఒట్టేసుకున్నావా" అంటారు. మా అత్తగారి ఊళ్ళో పూర్ణం బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోసి చేతిలో పెడతారు, ఆ నెయ్యి కారిపోతుంటే వద్దని ఎలా అంటాం?

నేను నేర్చుకున్నదేంటంటే లోపలి మాట వేరు, బయటి మాట వేరు ఉండాలి. ఇదివరకు లోపల "తినకూడదు, తినకూడదు" అనుకునేదాన్ని. ఎవరో నా చేతులు కట్టేసినట్టుండేది, కట్టు ఎప్పుడు తెగుతుందా అని చూసేదాన్ని. ఇప్పుడు "మధ్యాహ్నం పూట నేను స్వీటు తినను" అనుకుంటాను, అంతే. నిర్ణయం నాదే కాబట్టి ఎవరి మీదా కోపం రాదు. ఈ మాట పెద్దవాళ్ళ మొహం మీద అంటే మాత్రం ఇంట్లో యుద్ధమే. వాళ్ళతో "పిన్నిగారూ, మీ చేతి బూరెలు ఇక్కడొకటి తింటే సరిపోదు, పొట్లం కట్టివ్వండి, పిల్లలకి తీసుకెళ్తాను" అంటాను. ఆవిడకి సంతోషం. పిల్లలకి ఎలాగూ ఇష్టం. బీపీ అనో షుగర్ అనో చెప్పొద్దు, అక్కణ్ణుంచి గంటసేపు వైద్యం మొదలవుతుంది.

పాలకొల్లు_టైలర్:

అందరికీ నమస్కారం. రాజమండ్రి చెల్లీ, కుట్టు విప్పే మాట నాకు బాగా పట్టింది. నిన్న సాయంత్రం మళ్ళీ డబ్బా వచ్చింది, తిన్నాను. కానీ "పోయిందిలే" అనబోతూ, ఎక్కడ తేడా వచ్చిందని వెనక్కి చూసుకుంటే, మధ్యాహ్నం అర్జంటు జాకెట్టు ఉందని భోజనం మూడున్నరకి చేశాను, అదీ గబగబా రెండు ముద్దలు. నాలుగున్నరకి డబ్బా వస్తే చెయ్యి ఎందుకు ఆగుతుంది? దీనికి మా వంశంతో పనేముంది! ఇవాళ ఒంటిగంటకి షట్టరు సగం దించేసి తిన్నాను. కస్టమరు ఒకావిడ బయట నిలబడి సణిగింది, సణగనీ.

మేనత్త గొంతు మాత్రం పోలేదు. దాన్ని నోరు మూయించాలని చూస్తే ఇంకా గట్టిగా వినిపిస్తోంది.

రాజమండ్రి_గట్టు:

మూయించొద్దక్కా. ఒక ఆలోచనని రానివ్వకూడదు అని పట్టుపడితే అదే పదేపదే వస్తుందని 1987లో డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటి ప్రయోగంలో చూపించాడు. ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు అంటే జనానికి అదే గుర్తొచ్చేది. మేనత్తగారు మాట్లాడనివ్వండి. "ఆవిడ మళ్ళీ మొదలెట్టింది" అనుకుని మీ పని మీరు చేసుకోండి. ఆవిడతో వాదన పెట్టుకోవద్దు.

పల్లె_నర్సు:

నేను కోనసీమలో నర్సుగా చేస్తున్నానండి. పై మాటలన్నీ బాగున్నాయి. వాటితో పాటు డాక్టరుగారిని థైరాయిడ్ పరీక్ష రాయాలా అని ఒకసారి అడగండి. నెలసరి సరిగా రాకపోతే అదీ చెప్పండి. కొన్ని మందుల వల్ల, ముఖ్యంగా స్టెరాయిడ్ల వల్ల కూడా బరువు పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఎవరో ఇచ్చిన మాత్రలు వాడుతుంటే దాచకండి. ఒంట్లో కారణం ఉన్నప్పుడు మనసుని తిట్టుకుని లాభం లేదు.

మీ దగ్గర టేపు ఉంది కాబట్టి మిషను కంటే దాన్నే నమ్ముకోండి. మన ఆడవాళ్ళకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు, మీ లెక్కలో ముప్పై ఒకటిన్నర అంగుళాలు. మీరు జాకెట్టుకి కొలిచే చోట కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. నెలకోసారి చాలు.

ఇంకో మాట, మీ గురించని కాదు, చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని. దాచుకుని తినడం, కడుపు నొప్పెట్టేదాకా ఆపలేకపోవడం, తిన్నాక వేలు పెట్టి కక్కుకోవడం వరకు వెళ్తే అది క్రమశిక్షణ లేకపోవడం కాదు, వైద్యం ఉన్న సమస్య. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వానిది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

పాలకొల్లు_టైలర్:

థాంక్స్ అండి. మోకాళ్ళ మాత్రల సంగతి ఎలా కనిపెట్టారో గాని, పోయిన చలికాలం వాడాను. స్ట్రిప్పు దాచి ఉంచా, డాక్టరుగారికి చూపిస్తాను. మూడు నెలల షుగర్ పరీక్ష మళ్ళీ చేయించమన్నారు, దానికి పరగడుపున వెళ్ళాలా? పొద్దున్నే షాపు తీయాలి, అందుకని.

పల్లె_నర్సు:

ఆ మూడు నెలల పరీక్షకి, అంటే హెచ్‌బీఏ1సీకి, పరగడుపు అక్కర్లేదు, ఏ టైముకైనా ఇవ్వొచ్చు. కానీ చీటీలో ఫాస్టింగ్ షుగర్ కూడా రాసి ఉంటే మాత్రం రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా వెళ్ళాలి, మంచినీళ్ళు తాగొచ్చు. చీటీ ఒకసారి చూసుకోండి. వెళ్ళేటప్పుడు ఆ స్ట్రిప్పు బ్యాగులో వేసుకోవడం మర్చిపోకండి.