తమ్‌సుయ్ యిన్‌షాన్ గుడి గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

తైవాన్‌లో తైపేకి దగ్గర్లోని తమ్‌సుయ్‌లో యిన్‌షాన్ గుడి చూశాను. 1822లో, చైనాలోని తింగ్‌జౌ నుంచి వచ్చిన హక్కా వాళ్లు (సొంత భాష ఉన్న ఒక చైనా జనం) కట్టుకున్నారట. దేవుడు దింగ్‌గ్వాంగ్ బుద్ధుడు. ముందు ఒక హాలు, వెనక గర్భగుడి, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి: అచ్చం మన మండువా ఇల్లే! పక్క గదుల్లో కొత్తగా వచ్చిన ఊరివాళ్లు దిగేవారట, మన సత్రంలాగా.

నా సందేహం కప్పు గురించి. స్వాలో పిట్ట తోకలా చీలిన కొసల మీద పింగాణీ ముక్కలు అతికించి బొమ్మలు చేశారు. పాత గిన్నెలు పగలగొట్టి వాడేవారా, ముక్కలు విడిగా చేయించేవారా? ఇన్నేళ్ల వానకి ఊడిపోకుండా ఏ గచ్చు వాడతారు? ఇంకోటి, గుడి కప్ప ఆకారపు స్థలంలో ఉందనీ, వెనకున్న రెండు బావులు దాని కళ్లనీ అంటారు. ప్లాన్ గీసేటప్పుడు దీన్ని నిజంగా లెక్కలోకి తీసుకున్నారా? ఆర్కిటెక్చర్ చదివినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.