ఇండో-ఆస్ట్రేలియా భూపలక విరిగిపోయినట్టేనా?

అలలకింద:
2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమట, హిందూ మహాసముద్రపు అడుగున ఉన్న వార్టన్ బేసిన్‌లో 8.6, రెండు గంటల తేడాతో 8.2 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. రెండూ సబ్డక్షన్ అగాధానికి (ఒక పలక ఇంకోదాని కిందికి దూరే చోటికి) పడమట, పలక లోపలే పుట్టాయి. నేల పక్కకు జారిందే గాని పైకి లేవలేదు, అందుకే పెద్ద సునామీ రాలేదు. ఇంత కదలిక చూశాక కూడా ఇండియా, ఆస్ట్రేలియాలను ఒకే పలక అనడం కుదరదు. పటంలో సరిహద్దు గీత గీయాల్సిందే.

పాతమచ్చ:
గీత ఎక్కడ గీస్తారండీ? ఆ 8.6లోనే కనీసం నాలుగు భ్రంశాలు (రాతి పొరల్లో నేల జారే పగుళ్లు) తెగాయి, వాటిలో కొన్ని ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉన్నాయి. కదలిక ఇంకా ఒక వరసకు చేరలేదు. ఒకప్పుడు కొత్త సముద్రపు అడుగు పుట్టించి, ఎప్పుడో ఆగిపోయిన సముద్ర శిఖరం వదిలిన ఉత్తర-దక్షిణ ఫ్రాక్చర్ జోన్లే (పాత పగుళ్ల పట్టీలే) మళ్లీ కదులుతున్నాయి. తొంభై తూర్పు శిఖరానికి (90 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సాగే సముద్రగర్భ పర్వతశ్రేణికి) పడమట తీరే వేరు: అక్కడ సముద్రపు అడుగు 100 నుంచి 300 కి.మీ. వెడల్పు మడతలు పడింది. 1985లో ప్రతిపాదించిన ‘వ్యాపించిన సరిహద్దు’ (గీతలా కాక వెడల్పాటి పట్టీలా పరుచుకున్న సరిహద్దు) అన్న మాటే దీనికి సరిపోతుంది.

అడుగుగడియారం:
మీ ఇద్దరి వాదమూ ఎక్కువగా దూరపు నేల స్టేషన్ల లెక్కల మీదే నిలబడింది. చిన్న కంపాలు ఏ భ్రంశం మీద పడుతున్నాయో చెప్పాలంటే సముద్రపు అడుగున ఓబీఎస్‌లు (అడుగున కూర్చుని కంపాలు నమోదు చేసే పరికరాలు) దించాలి. అక్కడ మూడు చోట్ల దెబ్బతింటాం.

ఒకటి గడియారం. నీళ్లలో జీపీఎస్ అందదు. రోజుకు ఒక్క మిల్లీసెకను తప్పినా ఏడాదికి 0.365 సెకను. మాంటిల్‌లో (భూమి పైపెంకు కింది పొరలో) పి తరంగం, అంటే కంపం నుంచి ముందుగా చేరే అల, సెకనుకు 8 కి.మీ. పోతుంది కాబట్టి దాదాపు 3 కి.మీ. తేడా. దించే ముందు, పైకి తీశాక రెండుసార్లూ జీపీఎస్‌తో సరిపోల్చాలి. మధ్యలో బ్యాటరీ అయిపోతే రెండో పోలిక ఉండదు, అప్పుడు పక్క స్టేషన్లతో నేపథ్య రొదను పోల్చి తప్పు రాబట్టాలి.

రెండోది చోటు. పరికరం దిగుతూ ప్రవాహానికి పక్కకు కొట్టుకుపోతుంది. ఓడ దాని చుట్టూ తిరుగుతూ ధ్వని సంకేతాలతో దూరాలు కొలవాలి. దాన్ని వదిలిన చోటునే స్టేషన్ చోటుగా రాసుకోకూడదు.

మూడోదే అసలు మోసం: నికోబార్ ఫ్యాన్ అనే, అక్కడి సముద్రపు అడుగున పేరుకున్న మెత్తని మట్టి. పి తర్వాత నెమ్మదిగా వచ్చే ఎస్ తరంగం అందులో సెకనుకు 500 మీటర్లే పోతే, కిలోమీటరు మందానికి 2 సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యాన్ని తీసేయకపోతే కంపం ఉన్నదానికంటే లోతున కనబడుతుంది. మట్టి అడుగున పి నుంచి ఎస్‌గా మారిన అల ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, స్టేషన్‌వారీగా సవరించాలి.

అలలకింద:
గడియారం, మట్టి సంగతి ఒప్పుకుంటాను. కానీ 8.6 దిశ, పరిమాణం చెప్పడానికి ఓబీఎస్ అక్కర్లేదు, దూరపు స్టేషన్లు చాలు. పలక లోపల నేల ఒక్కసారిగా ఎన్నో మీటర్లు జారడమే నా ఆధారం.

పాతమచ్చ:
అది తెగిందనడానికి ఆధారమే, విడిపోయిందనడానికి కాదు. 30 కి.మీ. లోతున పుట్టే కంపాల చోటు నిర్ధారించాలంటే స్టేషన్ల మధ్య దూరమూ ఇంచుమించు అంతే ఉండాలి. ఒక్కో వైపు 300 కి.మీ. ఉన్న చదరానికి వందకు పైగా పరికరాలు కావాలి. అన్ని దొరకకపోతే, 2012లో తెగిన భ్రంశాలు కలుసుకునే చోటే ముందు దించాలి. చిన్న కంపాలు ఒకే దిశ వైపు మళ్లుతున్నాయని అక్కడ తేలితే మీ గీతను నేనూ ఒప్పుకుంటాను.