రోక్‌బీ ఉత్తరాలు: పారిపోయి వచ్చినవాళ్లను దాచారా, పనిలో పెట్టుకున్నారా?

పాతకాగితాలు:
అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఫెర్రిస్‌బర్గ్ అనే ఊరుంది. అక్కడ రోక్‌బీ అనే పాత ఇల్లు, దాని పొలం ఇప్పుడు మ్యూజియంగా ఉన్నాయి. 1830లలో ఆ ఇంట్లో రోలండ్ థామస్ రాబిన్సన్, రేచల్ అనే క్వేకర్ దంపతులు ఉండేవారు. మెరీనో గొర్రెల పెంపకం వాళ్ల జీవనాధారం. బానిసల చేత పండించిన పత్తిని, చెరకు పంచదారను రేచల్ ఇంట్లోకి రానిచ్చేది కాదు. 1834లో వెర్మాంట్ బానిసత్వ వ్యతిరేక సంఘం పుట్టినప్పుడు రోలండ్ అందులో ఉన్నాడు. ఆ కుటుంబం కాగితాలు పారేసే రకం కాదు. నాలుగు తరాల ఉత్తరాలు 15,000 దాకా మిగిలాయి.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను ఆ ఇంట్లో రహస్య గదిలో దాచేవారని తరతరాలుగా చెప్పుకున్నారు. ఉత్తరాలు మాత్రం వేరే మాట చెప్తున్నాయి. 1837 జనవరిలో ఆలివర్ జాన్సన్ అనే ఉద్యమకారుడు పెన్సిల్వేనియా నుంచి రాబిన్సన్‌కి రాశాడు. సైమన్ అనే మనిషి ఉన్నాడు, నమ్మకస్తుడు, పొలం పని బాగా వచ్చు, కెనడా పోదామనుకున్నాడు గానీ ప్రమాదం లేదంటే ఈ దేశంలోనే ఉండిపోతాడు, మీ దగ్గర పని ఉందా అని దాని సారాంశం. జెస్సీ అనే ఇంకొకతను ఆ పొలంలో పని చేసి డబ్బు కూడబెట్టుకున్నాడు. అతని విడుదల కోసం రాబిన్సన్ ఏకంగా నార్త్ కరోలినాలో ఉన్న యజమాని ఎఫ్రమ్ ఎలియట్‌కే ఉత్తరం రాశాడు. గదిలో మనిషిని దాచినవాడు యజమానికి ఉత్తరం రాస్తాడా? కాబట్టి రహస్య గది కథ ఇక ఆపాలి. మీరేమంటారు?

నందిగామ_మాస్టారు:
ఒప్పుకోను. ఇంటివాళ్లు తమ ఇంటి గురించి చెప్పుకున్న మాటను, ఉత్తరాల్లో లేదు కాబట్టి జరగలేదని కొట్టేస్తారా? పెన్సిల్వేనియా లాంకాస్టర్ కౌంటీలో డేనియల్ గిబ్బన్స్ అనే క్వేకర్ ఉండేవాడు. తన ఇంటికి వచ్చిపోయినవాళ్ల వివరాలు ఏళ్ల తరబడి పుస్తకంలో రాసుకున్నాడు. పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించాలనే కొత్త చట్టం 1850లో వచ్చాక ఆ పుస్తకాన్ని తగలబెట్టేశాడు. మీ లెక్క ప్రకారం గిబ్బన్స్ ఇంటికి ఎవరూ రానట్టేనా? మిగిలిన కాగితాన్ని చూసి తీర్పు చెప్పేటప్పుడు కాలిపోయిన కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బుడమేరు77:
క్వేకర్లు అంటే ఎవరండీ? చర్చి పాస్టర్లా?

పాతకాగితాలు:
బుడమేరు గారూ, పాస్టర్లు లేకుండా, మౌనంగా కూర్చుని ప్రార్థించే క్రైస్తవులు. 1776లో ఫిలడెల్ఫియా సమావేశం (వాళ్ల సంఘాలను అలాగే పిలుస్తారు) తమ సభ్యులెవరూ బానిసల్ని ఉంచుకోకూడదని తీర్మానించింది. అలాగని అందరూ ఉద్యమంలో దిగలేదు. ఇండియానాలో లీవై కాఫిన్ లాంటివాళ్లు గట్టిగా పని చేస్తుంటే సొంత సమాజమే అడ్డం చెప్పింది. 1843లో వాళ్లు విడిపోయి వేరే సమావేశం పెట్టుకోవాల్సి వచ్చింది.

మాస్టారు గారూ, గిబ్బన్స్ ఉదాహరణ నా వైపే పనికొస్తుంది. లాంకాస్టర్‌కి దక్షిణాన ఆనుకునే మేరీలాండ్, అది బానిస రాష్ట్రం. అక్కడ పారిపోయినవాళ్లను పట్టుకునే వేటగాళ్లు తలుపు కొట్టేవాళ్లు. డెలావేర్‌లో, పారిపోయినవాళ్లకు సాయం చేసిన క్వేకర్ వ్యాపారి థామస్ గారెట్ మీద 1848లో కేసు నడిచి జరిమానా పడింది. ఆయన ఉన్నదే బానిస రాష్ట్రంలో. ఫెర్రిస్‌బర్గ్ అలా కాదు. వెర్మాంట్ తన రాజ్యాంగంలోనే 1777లో పెద్దవాళ్ల బానిసత్వాన్ని కాదంది. నార్త్ కరోలినా నుంచి ఒక మనిషి కోసం అంత దూరం రావడం యజమానికి గిట్టుబాటు కాదు. లాంకాస్టర్‌లో అవసరమైన జాగ్రత్త వెర్మాంట్‌లో ఎందుకు?

ఇంకో మాట. ఈ రహస్య గదుల కథలు ఎక్కువగా అమెరికా అంతర్యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్లకు, ముసలివాళ్ల జ్ఞాపకాల నుంచి వచ్చినవి. విల్బర్ సీబర్ట్ అనే చరిత్రకారుడు వాటిని పోగు చేసి 1898లో అచ్చు వేశాడు. 1961లో లారీ గారా అనే చరిత్రకారుడు అదే విషయం ఎత్తి చూపించాడు: సాయం చేసినవాళ్ల మనవలు చెప్పుకున్న కథల్లో పారిపోయినవాళ్ల తెగువ మరుగున పడిపోయిందని.

నాకు ఇది ఎందుకు ముఖ్యమంటే, మా తాతగారి ఉత్తరాలన్నీ ఒక బంధువు పాత పేపర్ల వాడికి తూకానికి అమ్మేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికి తోచిన కథ వాళ్లది. ఒకరు ఆయన జైలుకెళ్లారంటారు, ఇంకొకరు ఆయనే జైలరు అంటారు. కాగితం ఉన్న కుటుంబం కూడా కాగితాన్ని పక్కన పెట్టి కథ చెప్తుంటే నాకు కడుపు మండుతుంది.

నందిగామ_మాస్టారు:
మీరు చూపించినవన్నీ 1837 నాటివి. 1850 తర్వాత సంగతేమిటి? ఆ చట్టం కింద పారిపోయినవాళ్లకు చోటిచ్చినా, దాచినా వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. వెర్మాంట్‌కి మినహాయింపేమీ లేదు. ఆ చట్టం తర్వాత ఎవరైనా వస్తే రాబిన్సన్ ఏం చేసి ఉంటాడు? వరండాలో కూర్చోబెడతాడా? అప్పుడు గది అవసరం కాదా? దీనికి సూటిగా జవాబు చెప్పండి.

పాతకాగితాలు:
అవసరం అయ్యుండొచ్చు అనేది ఆధారం కాదు మాస్టారు గారూ.

నందిగామ_మాస్టారు:
ఇంట్లో పుట్టి పెరిగిన కొడుకు చెప్పింది ఆధారం కాదా? రోలండ్ ఎవాన్స్ రాబిన్సన్ 1833లో ఆ ఇంట్లోనే పుట్టాడు. పారిపోయి వచ్చినవాళ్ల మీద రాశాడు కూడా.

పాతకాగితాలు:
ఆయన కథా రచయిత. సైమన్ గురించి ఉత్తరం వచ్చినప్పుడు నాలుగేళ్లు నిండని పిల్లాడు.

వాన_వెలిసింది:
పొద్దుట్నుంచీ గదిలోనే ఉన్నారు ఇద్దరూ. బయటికి రండి.

మెతుకుసీమ:
ఇంతసేపూ చదివాను. ఇక ఓపిక లేదు. గది ఉందా లేదా అని కొట్టుకుంటున్నారు గానీ, సైమన్ ఇంటిపేరేమిటని ఒక్కరైనా అడిగారా? జెస్సీ ఎవరి కొడుకు? 15,000 ఉత్తరాలు అంటున్నారు. అందులో జెస్సీ చేతిరాత ఒక్కటుందా? ఆ ఇంటి నాలుగు తరాల గురించి, గొర్రెల జాతితో సహా చెప్పారు. పారిపోయి వచ్చినవాళ్ల గురించి చెప్పింది ఏమిటంటే నమ్మకస్తుడు, పొలం పని వచ్చు.

మా తాత ఒక దొర దగ్గర జీతం ఉన్నాడు. అప్పు కింద చేరాడు, అప్పు తీరకుండానే పోయాడు. ఆయన బతికినట్టు మా దగ్గరున్న ఒకే రుజువు ఆ ఇంటి పద్దు పుస్తకంలో ఒక లైను. అందులో పేరు సగమే ఉంది, పక్కన బాకీ. ఆ ఇంటి మనవడు ఇప్పుడు ఎక్కడ కలిసినా "మీ తాతకు మా తాత అన్నం పెట్టాడు" అంటాడు. వాళ్ల పుస్తకం, వాళ్ల మాట, మా తాత అందులో ఒక లైను. కాబట్టి రాబిన్సన్ కాగితాలు అనగానే మీకు కలిగే సంతోషం నాకు కలగదు.

పాతకాగితాలు:
ఇది చాలా అన్యాయమైన పోలిక. రాబిన్సన్‌ని వెట్టి చేయించుకున్న దొరతో కలుపుతారా? ఆయన కూలి ఇచ్చాడు. జెస్సీ 150 డాలర్లు వెనకేసుకున్నది ఆ కూలితోనే. ఎలియట్ 300 అడిగితే, అంత ఇచ్చుకోలేడని జెస్సీ తరఫున మళ్లీ బేరమాడాడు. ఏ దొర చేశాడు ఆ పని? కోపంలో ఏదైనా అనొచ్చా?

మెతుకుసీమ:
రాబిన్సన్ దొర అని నేను అనలేదు. మంచివాడే. నేను మాట్లాడేది ఆయన మంచితనం గురించి కాదు, ఆయన పెట్టెలో ఏం మిగిలింది, ఎందుకు మిగిలింది అన్నదాని గురించి.

ఫిలడెల్ఫియాలో విలియం స్టిల్ ఉండేవాడు. నల్లజాతి మనిషి, ఆయన తల్లి బానిసత్వం నుంచి పారిపోయి వచ్చింది. వస్తూ ఇద్దరు కొడుకుల్ని వదిలేసి రావాల్సొచ్చింది. 1850లో ఒక మనిషి తన వాళ్లను వెతుక్కుంటూ స్టిల్ పనిచేసే ఆఫీసుకొచ్చాడు. తల్లి పేరు, తండ్రి పేరు చెప్తుంటే స్టిల్‌కి తెలిసింది, ఎదురుగా ఉన్నది తను ఎప్పుడూ చూడని సొంత అన్న పీటర్ అని. ఆ తర్వాత స్టిల్ వచ్చిన ప్రతివాణ్నీ కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాడు. పాత పేరేమిటి, కొత్త పేరేం పెట్టుకున్నావు, అమ్మ ఎవరు, అన్నదమ్ములు ఎక్కడున్నారు, ఎవరు అమ్మారు. రేపు ఇంకొకరు వెతుక్కుంటూ వస్తే చూపించడానికి. దొరికితే తనకు శిక్ష, అయినా కాల్చలేదు, దాచాడు. 1872లో అచ్చు వేశాడు.

ఇప్పుడు ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. జాన్సన్ ఉత్తరం ఈ మనిషి ఏం పని చేయగలడో చెప్తుంది. స్టిల్ పుస్తకం ఈ మనిషి ఎవరి బిడ్డో చెప్తుంది. రెండూ బానిసత్వాన్ని ద్వేషించినవాళ్లు రాసినవే. తేడా కనిపించట్లేదా మీకు?

పాతకాగితాలు:
తేడా కనిపిస్తోంది. కానీ పనిమంతుడు అని రాయకపోతే సైమన్‌కి చోటెవరిస్తారు? అది సిఫారసు ఉత్తరం. అతనికి అప్పుడు కావలసింది కూలి దొరికే చోటు, పేజీల కొద్దీ వంశవృక్షం కాదు. ఉత్తరం రాసిన పనికి తగ్గట్టే ఉంది.

మెతుకుసీమ:
వంశవృక్షం అని తేలిగ్గా అంటున్నారు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టికలు చూశారా? యజమాని పేరు ఉంటుంది, కింద వయసు, ఆడో మగో, రంగు. పేరు ఉండదు. ఆ బానిసల్లో చాలామంది పేర్లు జనాభా లెక్కల్లోకి మొదటిసారి ఎక్కింది 1870లో. వాళ్ల మునిమనవలు ఈ రోజుకీ అక్కడే ఆగిపోతున్నారు. అంతకు ముందరి పేరు కావాలంటే యజమాని వీలునామాలో, అమ్మకం పత్రంలో, పారిపోయాడని పేపర్లో వేసిన ప్రకటనలో వెతకాలి. రాబిన్సన్ ఇంటి మనవలకు ఆ బాధ లేదు. క్వేకర్ సమావేశాల పుస్తకాల్లో పుట్టుక, పెళ్లి, చావు అన్నీ తేదీలతో దొరుకుతాయి.

తపాలా_లత:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సాయం చేసినవాళ్ల ఉత్తరాల్లో మనుషులు లేరనడం కూడా పూర్తిగా నిజం కాదు అన్నా. థామస్ గారెట్ 1854 డిసెంబరులో ఫిలడెల్ఫియాకు రాసిన ఉత్తరం ఉంది. హారియెట్ టబ్‌మన్ (తనూ బానిసత్వం నుంచి పారిపోయి, మళ్లీ వెళ్లి మిగతావాళ్లను తెచ్చిన మనిషి) ఆరుగురు మగవాళ్లను, ఒక ఆడమనిషిని తీసుకొచ్చింది, టబ్‌మన్‌కూ ఆ మగవాళ్లలో ఒకతనికీ నడిచి నడిచి చెప్పులు అరిగిపోయాయి, కొనుక్కోమని రెండు డాలర్లు ఇచ్చాను అని రాశాడు. టబ్‌మన్‌కి చదువు రాదు. ఆ రాత్రి గురించి మనకు తెలిసింది ఆ క్వేకర్ వ్యాపారి రాయబట్టే.

మా అమ్మమ్మ వైపు వాళ్లు మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లారు. అక్కడికి మొదటి ఓడ ట్రూరో 1860లో వెళ్లింది, మావాళ్లు ఆ తర్వాతెప్పుడో. ఓడ పట్టికల్లో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాశారు. రాసింది ప్రేమతో కాదు, పారిపోతే పట్టుకోవడానికి. అయినా మా ఊరి పేరు నాకు దొరికింది అందులోనే. ఎవరి పుస్తకమైనా సరే, చింపి పారేయొద్దనే నేనంటాను.

మెతుకుసీమ:
చింపమని ఎవరన్నారు చెల్లీ? ఆ పుస్తకాన్ని ఎవరి పేరుతో పిలుస్తున్నాం అన్నదే నా గొడవ.

నందిగామ_మాస్టారు:
అయ్యా, నేనూ మనసులో ఉన్నది చెప్తాను. రజాకార్ల కాలంలో నైజాం నుంచి పారిపోయి మా వైపు ఊళ్లకు వచ్చినవాళ్లు చాలామంది. మా నాన్నగారు ఇద్దరిని మా ధాన్యం కొట్టు వెనక దాచారు. పోలీసుల భయం, మా అమ్మ భయం, అన్నీ నాకు లీలగా గుర్తు. చాలా ఏళ్ల తర్వాత ఒక కమిటీవారు స్మారక సంచిక వేస్తూ మా నాన్నగారి పేరు తీసేశారు. రాతపూర్వకమైన ఆధారం చూపించమన్నారు. భయపడి దాచిన మనిషి రసీదు రాయించుకుంటాడా? ఆయన అప్పటికే పోయారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మాట విని కుమిలిపోయేవారు. ఉత్తరాల్లో లేదు కాబట్టి గది అబద్ధం అని ఎవరైనా అంటే నాకు ఆ కమిటీ గుర్తొస్తుంది. మెతుకుసీమ గారూ, సాయం చేసినవాడి పేరు చెరిపేస్తే రేపు తలుపు తీసేదెవరు?

మెతుకుసీమ:
మీ నాన్నగారి పేరు తీసేయడం తప్పే మాస్టారూ. నేను ఆ కమిటీలో ఉంటే గొడవ పెట్టుకునేవాణ్ని. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ ఇద్దరి పేర్లు మీకు తెలుసా?

నందిగామ_మాస్టారు:
ఒకాయన్ని లింగయ్య అని పిలిచేవాళ్లు. సూర్యాపేట వైపు. రెండో ఆయన కుర్రవాడు, పేరు తెలీదు. మా అక్కయ్యకు గుర్తుండొచ్చు, ఆవిడ ఇంకా ఉంది. అడుగుతాను.

బుడమేరు77:
అడిగి ఇక్కడ రాయండి మాస్టారు గారూ. మాదీ అటు వైపే, మా నాన్నతో విచారిస్తాను.

పాతకాగితాలు:
మాస్టారు గారూ, మీ నాన్నగారి విషయంలో మీరు కళ్లారా చూసిన సాక్షి. రోక్‌బీ గదికి అలాంటి సాక్షి లేడు. రెండూ ఒకటి కాదు, గది విషయంలో నేను మారను. 1850 తర్వాతి ఉత్తరాల్లో పారిపోయి వచ్చినవాళ్ల ప్రస్తావన ఉందేమోనని మ్యూజియం వాళ్లకు ఈ వారం రాస్తున్నాను. జవాబు ఏదొచ్చినా ఇక్కడే పెడతాను.

మెతుకుసీమ:
రాయండి. అదే ఉత్తరంలో, ఎలియట్ జవాబుల్లో జెస్సీ తల్లి గురించి గానీ, వెనక వదిలి వచ్చినవాళ్ల గురించి గానీ ఏమైనా ఉందేమో కూడా అడగండి.

పాతకాగితాలు:
అడుగుతాను.