అప్‌డేట్: తగ్గింపులో పాత మహీంద్రా థార్ తీసుకోవాలా, కొత్తది తీసుకోవాలా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది గుర్తుందా, పాత స్టాక్ థార్ మీద లక్షా పాతిక వేలు తగ్గిస్తామంటున్నారు, 2025 అక్టోబర్‌లో వచ్చిన కొత్తది పూర్తి ధర, ఏది తీసుకోమంటారని. ఎక్కువ మంది పాతదే తీసుకో అన్నారు, ఇంజిన్లు రెండింట్లోనూ అవే కాబట్టి. నేనూ దాదాపు ఒప్పేసుకున్నా.

కానీ షోరూమ్‌కి పోయి, ఎప్పుడు తయారైందో తెలుసుకుందామని ఛాసిస్ నంబర్ అడిగితే (వాళ్లు ఊరికే చెప్పరు, మూడుసార్లు అడగాల్సొచ్చింది) బండి తయారై ఎనిమిది నెలలైంది, అన్నాళ్లూ రేణిగుంట రోడ్డు పక్కన యార్డులో ఎండలోనే ఉంది. పైగా తగ్గింపు కావాలంటే నలభై వేల యాక్సెసరీస్ తీసుకోవాలట! ఇంక తగ్గించిందెంత?

అయినా పాతదే అనుకుంటుంటే అమ్మ వెనక సీట్లో కూర్చుని "ఇక్కడికి గాలే రాదా నాయనా" అంది, అంతే. కొత్తదాంట్లో వెనక్కి ఏసీ వెంట్లు ఇచ్చారు, అద్దాల స్విచ్‌లు మధ్యలోంచి డోర్ల మీదకి వచ్చాయి, స్క్రీన్ ఏడంగుళాల నుంచి 10.25 అయింది. తిరుపతి మే నెల ఎండల్లో వెనక ఏసీ అంటే చిన్న విషయం కాదు. నేనొక్కణ్ణే తిరిగేవాణ్ణైతే మాత్రం పాతదే బేరమాడి తెచ్చుకునేవాణ్ణి.

కొత్తది బుక్ చేశా, డీజిల్ ఆటోమేటిక్. వెనక్కి ఎక్కాలంటే ఇప్పటికీ ముందు సీటు మడవాల్సిందే, అమ్మ మోకాళ్ల సంగతి అప్పుడు చూడాలి. బండి రాగానే పూజకి కాణిపాకం.