సమస్య: “పలికె రంగుల వెలుఁగులు పక్షులట్లు”

నిర్వాహకుడు (విజయనగరం): ఛందస్సు తేటగీతి. ధ్రువాల దగ్గర రాత్రి నింగిలో ఆడే రంగుల వెలుగులే ధ్రువకాంతులు. వాటి తావుల్లో ప్రకృతే పుట్టించే అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలను యాంప్లిఫయర్‌కు కలిపి వింటే, కొన్ని అచ్చం పిట్టల కిలకిలలే. ‘డాన్ కోరస్’, తెల్లవారుజాము బృందగానం, అంటారు. తేలినీలాపురం వలసపక్షుల తెల్లవారు గోల విన్న చెవులతో పూరించండి.

వంశధార (శ్రీకాకుళం):

భానుఁ డంపిన రేణువుల్ భయము లేక
ధ్రువపు నింగిని గాలితో దొమ్మి సేయఁ
జెవికి నందని సడితోడఁ జిందులాడి
పలికె రంగుల వెలుఁగులు పక్షులట్లు

గంటస్తంభం (విజయనగరం): ‘దొమ్మి’ భలే పడింది మాస్టారూ. ‘భయము లేక’ మాత్రం యతి కోసం వచ్చిన మాట. ‘చెవికి నందని సడి’ దగ్గర ఇంకో పేచీ. ఈ పాట తరంగాలు సెకనుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల కంపనాలు. మన చెవి 20,000 దాకా పడుతుంది. అందనిది ఎందుకంటే, అది గాలి కదలిక కాదు, విద్యుదయస్కాంత తరంగం. దాన్ని పట్టడానికి తీగ, అంటే యాంటెన్నా, ఉండాలి. నా పూరణ:

తీఁగెచుట్టను దవ్వుగఁ దీసి పెట్టి
మంచు నేలనుఁ గాచిన మనిషి చెవిని
నలలె గొంతుక యైపోవ నర్ధరాత్రి
పలికె రంగుల వెలుఁగులు పక్షులట్లు

నిర్వాహకుడు: ‘దవ్వుగఁ దీసి పెట్టి’ పని తెలిసినవారి మాట. ఆ చుట్టను మన ఊరి గంటస్తంభం కింద పెడితే కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ రొద తప్ప ఇంకేం వినబడదు. కానీ అర్ధరాత్రి కుదరదండీ. ఆ వేళ ధ్రువకాంతి వెంట వచ్చేది ‘హిస్’, బుసలాంటి చప్పుడు. పిట్టల పాట తెల్లవారుజాముది. ‘నరుణవేళ’ అనండి, యతి చెడదు.

వంశధార: అయితే వెలుగు పలికిందనడమే తప్పు కాదా గురువుగారూ? వెలుగు వేరు, పాట వేరు కదా.

నిర్వాహకుడు: రెండింటికీ చుట్టరికం ఉంది. భూమధ్యరేఖకు పైన, వేల కిలోమీటర్ల ఎత్తున, అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్ల వల్ల కోరస్ పుడుతుంది. ఆ తరంగాలే మళ్ళీ కొన్ని ఎలక్ట్రాన్లను చెదరగొట్టి ధ్రువాల దగ్గరి గాలిలోకి దింపుతాయి. తెల్లవారుజామున ఆరుతూ వెలుగుతూ కనబడే ధ్రువకాంతులు అలా వచ్చినవే. జపాన్ వారి అరాసే ఉపగ్రహం దీన్ని నేరుగా కొలిచింది, 2018లో ప్రకటించారు. అంటే పాటే ముందు!

వంశధార: అయితే ఇదిగో.

అలల యూఁపున రాలిన యణుకణములు
గాలిలోఁ బడి మినుకంగఁ గాంతు లెగసె
పాట తల్లియు వెలుఁగులు పాప లౌర!
పలికె రంగుల వెలుఁగులు పక్షులట్లు

గంటస్తంభం: ఇది నిలబడింది. తల్లి పలుకే పాపలకొచ్చిందన్నమాట, సమస్య తేలిపోయింది. ‘ఔర’ ఒక్కటి మార్చగలరేమో చూడండి. ‘రాలిన’ జోలికి మాత్రం వెళ్ళకండి, కొమ్మ ఊపితే మామిడికాయ పడ్డట్టుంది.