పాత అంబాసిడర్ బ్రేక్ పెడల్ మెత్తగ పోతుంది – మాస్టర్ సిలిండర్ మార్చాల్నా, ముందు షూ అడ్జస్ట్ చేస్కోవాల్నా?

హన్మకొండ_మార్క్2:
అన్నలకు నమస్తే. మా నాయిన అంబాసిడర్, మార్క్ 2, 1972ది. శానా ఏండ్లు షెడ్డుల పడి ఉండె, ఈ మధ్యనే ఇంజన్ లేపినం. ఇప్పుడు పంచాయితీ అంత బ్రేకుల కాడ. నాలుగు డ్రమ్ములు (చక్రంతోటి తిరిగే గిన్నెలు) లేత్‌కిచ్చి లోపల టర్నింగ్ చేపిచ్చినం, షూలకు (లోపలికెళ్లి డ్రమ్ముకు ఒత్తుకునే వంపు పట్టీలకు) కొత్త లైనింగ్, అంటే రాపిడి పొర, కొట్టిచ్చినం, వీల్ సిలిండర్ల (చక్రం కాడ షూలను నెట్టేవాటి) రబ్బర్లన్ని మార్చినం, మాస్టర్ సిలిండర్ల (పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిల్ నెట్టేది) కూడ కిట్, అంటే లోపలి రబ్బర్ల సెట్, వేసిన్రు, బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం. ఆయిల్ లైన్లల్ల ఎయిర్ తీసిన్రు, మల్ల తీసిన్రు, బుడగలైతే వస్తలేవు. అయినా మొదటిసారి తొక్కుతే పెడల్ ముప్పావు దాకా పోతది, మెత్తగ. ఎంటనే ఇంకోసారి కొడితే పైకొస్తది, గట్టిగైతది. యాడ లీకేజీ కనవడ్తలేదు. ఆటోనగర్ల ఒకాయన మాస్టర్ మొత్తం కొత్తది వెయ్యి అంటడు, ఇంకొకాయన షూ అడ్జస్ట్‌మెంటే కాలేదు అంటడు, ఒకల మాట ఒకలు ఒప్పుకుంటలేరు. ఇంట్లోళ్లేమో రామప్ప దాకా ఈ బండ్లనే పోదామని కూసున్నరు. మీరేమంటరు?

కాజీపేట_గేర్:
తమ్మీ ఒకటే మాట, మాస్టర్ కొత్తది వెయ్యి. యాభై ఏండ్ల సిలిండర్, అందుల ఇన్నేండ్లు నడవకుండ ఉన్నది, లోపల బోర్ (పిస్టన్ నడిచే తొర్ర) తుప్పు తిని గుంతలు పడి ఉంటది. దానికి ఎన్ని కిట్లు వేసినా ఆ గుంతల మీద రబ్బరు కోసుకపోయి మల్ల మొదటికే వస్తవ్. ఈ బండ్ల సింగిల్ సర్క్యూట్, యాది పెట్టుకో. ఒక్క కాడ పోతే నాలుగు చక్రాలకు పోయినట్టే, ఇగ హ్యాండ్ బ్రేకే దిక్కు. పిల్లల్ని కూసోవెట్టుకొని ములుగు రోడ్డు మీద పోతవ్, ఇసుక లారీలు ఎట్లొస్తయో నీకు నేను చెప్పాల్నా. పైసలు చూస్కోకు.

పానా_కాక:
కాజీపేట తమ్మి భయం తప్పు కాదు, సింగిల్ సర్క్యూట్ ముచ్చట అక్షరాల నిజం. గాని లక్షణం చూడకముందే మందు రాస్తున్నడు.

పెడల్ కిందికి పోవుడు ఒక్క తీరు ఉండదు. తొక్కి కాలు అట్లనే ఆపి పెడితే నిదానంగ దిగుకుంట పోయిందనుకో, బయట యాడ తడి లేదనుకో, అప్పుడు మాస్టర్ లోపల కప్పు (పిస్టన్ రబ్బరు) ఆయిల్‌ని వెనక్కి వదుల్తున్నట్టు, అది ఖచ్చితంగ మాస్టర్ కేసే, నేను కూడ వాదియ్య. తొక్కినకొద్ది స్ప్రింగ్ లెక్క ఊగుతుందంటే ఎయిర్ ఉండాలె, లేకుంటే పాత హోస్ పైపులు ఉబ్బుతుండాలె, లేకుంటే షూ డ్రమ్ముకు సరిగ్గ ఆనక వంగుతుండాలె. ఇగ నువ్వు చెప్పింది మూడోది, మొదటి దెబ్బకు కిందికి, రెండో దెబ్బకు పైకి. షూకి డ్రమ్ముకి నడుమ సందు ఎక్కువుంటే మాస్టర్ ఒక్క తొక్కుడుకు పంపే ఆయిల్ ఆ సందు దాటేందుకే సరిపోతది, రిటర్న్ స్ప్రింగులు షూలను వెనక్కి గుంజకముందే రెండోసారి తొక్కుతవు గనుక అప్పుడు గట్టిగైతది. అసలే డ్రమ్ములు టర్నింగ్ చేపిచ్చిన అంటున్నవ్, అంటే డ్రమ్ము లోపల పెద్దగైంది, సందు ఇంక పెరిగింది. నాకైతే అనుమానం అంత ఆడనే.

పైస ఖర్చు లేని పరీక్ష చెప్త. బండిని మంచి స్టాండ్ల మీద లేపు (రాళ్లు, ఇటుకలు పెట్టకు, దండం పెడ్త). హ్యాండ్ బ్రేక్ కేబుల్ ముందుగాల వదులు చెయ్యి, అది టైట్‌గుంటే వెనక చక్రాల అడ్జస్ట్‌మెంట్ అంత అబద్ధం చెప్తది. తర్వాత నాలుగు చక్రాలు తిరగకుండ జామ్ అయ్యేదాకా అడ్జస్టర్లన్ని (షూకి డ్రమ్ముకి సందు తగ్గించే మరలు) బిగించు. ఈ బండికి ముందట ఒక్కో చక్రానికి రెండు వీల్ సిలిండర్లు, ఒక్కో షూకి ఒకటి, కాబట్టి అడ్జస్టర్లు కూడ రెండు. శానమంది మెకానిక్కులు ఒకటి తిప్పి చక్రం పట్టింది గదా అని రెండోది మరుస్తరు. ఇగ పెడల్ తొక్కి చూడు. పైనే గట్టిగ నిలవడితే నీ మాస్టర్ మంచిగనే ఉన్నది, సందే రోగం. ఇంక ఊగుతుంటే ఎయిరో పైపో షూనో. దిగుకుంట పోతే కాజీపేట తమ్మి గెలిచిండు, పోయి కొత్తది తెచ్చుకో.

జగిత్యాల_జీప్:
కాక చెప్పింది సగమే. బుడగలు వస్తలేవంటే ఎయిర్ లేదని కాదు భయ్. వీల్ సిలిండర్లు ఇప్పి ఎక్కిచ్చినప్పుడు కుడిది ఎడమకు ఎక్కిస్తే నిప్పుల్ (గాలి తీసే మర) కిందికి వస్తది, గాలేమో పైన ఉండిపోతది, దినమంత పంపు కొట్టినా అది బయటికి రాదు. నిప్పుల్ పైన ఉన్నదా లేదా ముందు అది చూడు. ఇంకోటి, మనది కుడి స్టీరింగ్ గనుక వెనక ఎడమ చక్రంతోటి షురూ చెయ్యాలె, దూరంది ముందు. టపటప కొట్టకు, ఆయిల్ల నురుగు లేస్తది. నిదానంగ తొక్కి, నిప్పుల్ బిగించినంకనే కాలు తియ్యాలె.

కాజీపేట_గేర్:
పానా కాకా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్న. మాస్టర్ చివర్ల చిన్న చెక్ వాల్వ్ ఉంటది గదా, డ్రమ్ బ్రేకులకు లైన్ల కొంచెం ప్రెషర్ ఆపి పెట్టేది. కిట్ వేసినప్పుడు ఆ వాల్వ్ సరిగ్గ కూసోలేదనుకోండ్రి, కాలు తీయంగనే ఆయిలంత వెనక్కొస్తది, వీల్ సిలిండర్ రబ్బర్ల అంచు సడలుతది, ఆడికెళ్లి సన్నంగ గాలి కూడ గుంజుకుంటది. అప్పుడు కూడ మొదటి దెబ్బ కిందికి, రెండో దెబ్బ పైకే! మీ పరీక్షల అడ్జస్టర్లు బిగించి పెడితే పిస్టన్లు కదిలేదే లేదు, వాల్వ్ కరాబున్నా పెడల్ గట్టిగనే వస్తది. అంటే మాస్టర్ తప్పు మీ పరీక్షకు దొరకదు. మరి ఏమంటరు?

పానా_కాక:
శభాష్, ఇది పనికొచ్చే ప్రశ్న. ఒప్పుకుంటున్న, జామ్ చేసి తొక్కుతే వాల్వ్ సంగతి బయటపడదు. గాని ఆడనే ఆగమని నేను అనలే గదా. బిగించినంక మల్ల ఒక్కో అడ్జస్టర్ చక్రం ఫ్రీగ తిరిగి సన్నంగ రాపిడి వినవడేదాకా వదులు చెయ్యాలె, నడుమ నడుమ పెడల్ తొక్కి షూలను నడిమికి రానియ్యాలె. గట్ల సెట్ చేసినంక కూడ మొదటి దెబ్బ కిందికే పోతే అప్పుడు వాల్వ్ మీద అనుమానం పెట్టుకో. దానికి ఇంకో ఉపాయం: పెడల్ తొక్కి వదిలి, కాలు తీసినంక నిప్పుల్ కొంచెం తిప్పు. వాల్వ్ పని చేస్తుంటే ఒక్క చిమ్ముడు చిమ్మి ఆగుతది. ఊరికె కారితే వాల్వ్ పట్టుతలేదు. ఆ వాల్వ్ కోసం మాస్టర్ మొత్తం మార్చేది లేదు, కిట్లనే వస్తది అది.

ఇంకోటి మర్చిన, పుష్‌రాడ్ (పెడల్‌కెళ్లి మాస్టర్ పిస్టన్‌ను నెట్టే కడ్డీ) ప్లే. కొంచెం ఆడాలె. అసలు లేకుంటే ఆయిల్ వెనక్కొచ్చే చిన్న తొర్ర మూసుకపోయి బ్రేకులు పట్టేస్తయ్, ఎక్కువుంటే సగం తొక్కుడు ఉత్తగనే పోతది.

నిర్మల్_రాజ్‌దూత్:
ఇదంత ఎందుకు పరేషాన్ భయ్, బూస్టర్ పెట్టి ముందట డిస్క్ వేసేయ్. లేదంటే కొత్త బండ్ల పెద్ద బోర్ మాస్టర్ దొరుకుతది అది ఎక్కిచ్చు, ఆయిల్ సిలికాన్‌ది పొయ్యి, డాట్ 5. మా దిక్కు మహబూబ్ ఘాట్ దిగాలంటే ఈ పాత డ్రమ్ములతోటి ప్రాణాలు అరచేతుల పెట్టుకొని దిగుడే.

పానా_కాక:
ఘాట్ దిగినోడికి భయం ఉంటది, కాదన. గాని బూస్టర్ కాలి బలం తగ్గిస్తది గంతే, పెడల్ పోయే దూరం తగ్గియ్యదు. మెత్తటి పెడల్ మీద బూస్టర్ పెడితే రోగం దాచిపెట్టినట్టే. పెద్ద బోర్ సంగతి లెక్కేసి చూడు: ముప్పావు ఇంచు తీసి 7/8 ఇంచు పెడితే ఒక్క తొక్కుడుకు సుమారు 36 శాతం ఎక్కువ ఆయిల్ పోతది, పెడల్ పైకొచ్చినట్టే అనిపిస్తది, గాని అదే బ్రేక్ పట్టాలంటే కాలు కూడ 36 శాతం గట్టిగ తొక్కాలె. బూస్టర్ లేని బండ్ల అది చిన్న ముచ్చట కాదు, ఇంట్ల ఆడోళ్లు పెద్దోళ్లు నడిపితే కష్టం. డిస్క్ వెయ్యాలంటే మాస్టర్ల ఆ చెక్ వాల్వ్ కూడ డ్రమ్‌ది ఉండొద్దు, ఉంటే ప్యాడ్లు రాసుకుంటనే ఉంటయ్. ఒక్కటి మారిస్తే నాలుగు మార్చాలె.

సిలికాన్ అయితే, నిల్చున్న బండ్లకు మంచిదని వాడెటోళ్లు ఉన్నరు, నీళ్లు గుంజదు, పెయింట్ మీద పడ్డా పోదు. గాని సన్న బుడగలు అందుల చిక్కుకుంటయ్, తీసుడు కష్టం, పెడల్ కొంచెం మెత్తగనే ఉంటది. మెత్తటి పెడల్‌కు మందు మెత్తటి ఆయిలా? డాట్ 3 ఉన్న లైన్ల అది కలవనే కలవదు, అంత కడిగి రబ్బర్లు మార్చాలె. ఘాట్ కోసం అయితే డాట్ 4 పొయ్యి చాలు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230. నీళ్లు గుంజినంక డాట్ 3ది 140కి పడిపోతది, డాట్ 4ది 155. ఘాట్ మీద పెడల్ ఉత్తగ కిందికి పోయేది ఎక్కువగ ఆ పాత ఆయిల్ మరిగి ఆవిరైతేనే, డ్రమ్ము అయినంత మాత్రాన కాదు. రెండేండ్లకోసారి మార్చుకుంటే సగం భయం పోతది. ఇంజన్ ఆయిల్, పెట్రోల్ మాత్రం బ్రేక్ రబ్బర్లకు చూపియ్యొద్దు, ఉబ్బి పట్టేస్తయ్. రబ్బర్లు పెట్రోల్‌తోటి కడిగే మెకానిక్కులు ఇంక ఉన్నరు మన దగ్గర.

జనగామ_జావా:
రెండేండ్లా, మా ఊర్ల ఎవలు మారుస్తరు కాకా 😀 ఆయిల్ నల్లగైతే మార్చుడే.

హన్మకొండ_మార్క్2:
అన్నా, కాకా, చూసిన. నిప్పుళ్లు అన్ని పైననే ఉన్నయ్. తొక్కి ఆపి పెడితే దిగుతలేదు, నిప్పుల్ ఇప్పితే ఒక్కసారి చిమ్మి ఆగింది. ముందట రెండు దిక్కులా ఒక అడ్జస్టర్ అసలు తిప్పనే లేదు మెకానిక్, కాక అన్నట్టే. అన్ని సెట్ చేసినంక మొదటి దెబ్బకే పెడల్ సగం కన్న పైననే ఆగుతుంది ఇప్పుడు. గాని ఇంక కొంచెం ఊగుతుంది, గట్టిగ రాయి లెక్క లేదు. అన్ని జామ్ చేసినప్పుడు కూడ ఊగింది. రబ్బరు హోసులు మూడు కొత్తయే. ముందట డ్రమ్ములు ఇప్పి చూస్తే లైనింగ్ నడుమల రెండు ఇంచులు మాత్రమే మెరుస్తుంది, రెండు చివర్లు డ్రమ్ముకు తాకనే లేదు.

పానా_కాక:
అగో దొరికింది. డ్రమ్ము టర్నింగ్ల పెద్దగైంది, లైనింగ్ గుండ్రం పాత సైజుదే. నడుమ మాత్రమే ఆని, గట్టిగ తొక్కినకొద్ది షూ వంగుతుంది, ఆ వంగుడే నీ కాలికి తెలుస్తుంది. లైనింగ్ కొట్టే షాపోళ్ల దగ్గర డ్రమ్ము కూడ తీస్కపోయి దాని సైజుకు షూ గ్రైండింగ్ చెయ్యమను. ఉత్త షూలు తీస్కపోతే లాభం లేదు. మిషన్ లేకుంటే డ్రమ్ము లోపల ఎమరీ గుడ్డ అంటించి షూని అందుల రుద్దుతరు, టైం పడ్తది గాని ఐతది. ఆ దుమ్ము కంప్రెసర్ గాలితోటి ఊదకు, తడి గుడ్డతోటి తుడువు. పాత లైనింగ్ల ఆస్బెస్టాస్ ఉండేది, డ్రమ్ము మూలలకు అది ఇంక ఉండొచ్చు. డ్రమ్ము ఎంత తీసిండో కూడ కొలిపియ్యి, పల్చగైతే వేడికి అదే సాగుతది, అప్పుడు షూ ఏం చేసినా ఊగుడు పోదు.

కాజీపేట_గేర్:
సరే, షూ దగ్గర కాకదే కరెక్ట్. గాని తమ్మీ, ఎయిర్ తీసేటప్పుడు పెడల్ అడుగు దాకా తొక్కిచ్చిన్రు గదా? ఇన్నేండ్లు పిస్టన్ పోని జాగల తుప్పుంటది, కొత్త కప్పు దాని మీద నుంచి పోయింది. ఇయ్యాల దిగలేదని నెల తర్వాత దిగదని గ్యారంటీ ఏంది? కిట్ వేసినప్పుడు బోర్ నువ్వు కండ్లతోటి చూసినవా?

హన్మకొండ_మార్క్2:
చూడలే అన్నా. మెకానిక్ హోనింగ్ (బోర్ లోపల నున్నగ రుద్దుడు) చేసిన అన్నడు గంతే.

కాజీపేట_గేర్:
ఐతే ఇప్పు. లైట్ వేసి బోర్ లోపల ఫోటో తీసి ఈడ పెట్టు, అప్పుడు మాట్లాడ్దం. గోరుతోటి రుద్దు, తట్టుకుంటే అది గుంతే.

పానా_కాక:
ఇప్పుతే తప్పేం లేదు, పెట్టమను ఫోటో. గోరుకు తట్టుకుంటే నేనే కొత్తది వెయ్యమంట. కొత్తది వద్దనుకుంటే ఆ బోర్‌కు లోపల ఇత్తడి స్లీవ్ (గొట్టం) కొట్టిచ్చుకోవచ్చు, పాత సిలిండరే ఉంటది. ఇప్పుడు మార్కెట్ల కొత్తది అని అమ్మేది కూడ ఒక్కోపారి ఏండ్ల తరబడి రాక్‌ల పడి ఉన్నదే, దాని రబ్బర్లు చూడకుండ బండికి ఎక్కియ్యకు.

కాజీపేట_గేర్:
స్లీవ్ మంచిగ కొట్టేటోడు వరంగల్ల ఎవడున్నడు కాకా? నాకైతే దొరకలే.

పానా_కాక:
దొరకకుంటే హైదరాబాద్‌కు పంపాలె. నువ్వు చెప్పే కొత్త మాస్టర్ కూడ ఆడికెళ్లే రావాలె గదా.